పెరడు లేని ఇంటి తీగ

తీగ అనగానే సాహిత్య విద్యార్థి మనస్సులో దానితోపాటు ఒక ఆధారం కూడా మెదులుతుంది. మాధవీలతకు మామిడి, తమలపాకు తీగకు అవిశె, బీరపాదుకు పందిరి. మన ప్రాచీన కావ్యాలలో తీగ ఒంటరిగా కనిపించడం అరుదు. కాళిదాసు శకుంతల తాను పెంచిన తీగకు వనజ్యోత్స్న అని పేరు పెట్టుకున్నది. ఆ తీగ తియ్యమామిడిని అల్లుకొని ఉంటుంది. అత్తవారింటికి బయలుదేరే వేళ శకుంతల దానిని కౌగిలించుకొని వీడ్కోలు తీసుకుంటుంది. ఈ కథను 15వ శతాబ్దంలో పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు ‘శృంగార శాకుంతలం’గా తెలుగువారికి అందించాడు. పాతికేళ్ళకు పైగా ఈ ఘట్టాలను తరగతి గదిలో బోధిస్తున్న నేను, మొన్నమొన్నటివరకు మా ఇంట్లో ఉన్న తీగను చూసి లోలోపల సిగ్గుపడుతూ ఉండేవాణ్ణి.

ఎందుకంటే మా ఇంటి తీగకు పువ్వు లేదు, పిందె లేదు, పరిమళం అంతకన్నా లేదు. నరసరావుపేటలో ఒక అపార్టుమెంటు రెండవ అంతస్తులో, వంటగది కిటికీ పక్కన, ఒకనాడు పండ్ల రసం అమ్మిన గాజుసీసాలో అది నివసిస్తూ ఉండేది. దానికి మన భాషలో పేరు కూడా లేదు. ఇంగ్లీషులో ఉన్న పేరైనా ఏ ఋషికన్యదో, ఏ ఋతువుదో కాదు, సాక్షాత్తు డబ్బుది. మనీప్లాంట్! పువ్వే ప్రాణంగా వర్ణనలు సాగించిన ప్రబంధ కవుల మీద పరిశోధన చేసి పట్టం పొందినవాడి ఇంట్లో ఇటువంటి మొక్క ఉండటం ఒక వేళాకోళంగా నాకు తోచేది. ఈ అభిప్రాయం నేను మార్చుకున్నాను. ఎందుకు మార్చుకున్నానో, ఏ మేరకు మార్చుకున్నానో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఈ తీగ జన్మవృత్తాంతం చెప్పుకోవాలి. దీని స్వస్థలం పసిఫిక్ మహాసముద్రంలో తాహితీ సమీపాన ఉన్న మోరియా అనే చిన్న దీవి. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని ఎపిప్రెమ్నం ఆరియమ్ అంటారు. ఇది ఏరేసీ కుటుంబానికి చెందినది. ఆ మాట కొత్తగా వినిపించవచ్చుగాని ఆ కుటుంబంతో మనకు పాత చుట్టరికమే ఉన్నది. మనం పులుసు పెట్టుకొనే కంద, వేపుడు చేసుకొనే చేమ ఆ కుటుంబంలోనివే. తన దీవిలో ఈ తీగ పెద్ద చెట్లను పట్టుకొని పైకి పాకుతుంది. పాకినకొద్దీ ఆకు పెరిగి, అంచులు చీలి, ఒక్కొక్కటి దాదాపు మీటరు పొడవు కావచ్చు. మన గూటిలోనో, కిటికీలోనో అరచేయంత ఆకుతో వేలాడేది దాని బాల్యదశ మాత్రమే. అంటే మన ఇళ్ళలో ఉన్నవి ఎన్నటికీ పెద్దవి కాని పిల్లలన్నమాట. పువ్వు పూయకపోవడం కూడా దాని దోషం కాదు. పూతకు అవసరమైన జిబ్బరెల్లిన్ అనే హార్మోను ఈ తీగలో సరిగా తయారు కాదనీ, దానిని బయటినుంచి అందిస్తే పూస్తుందనీ 2016లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. పువ్వు లేదు కాబట్టి విత్తనం లేదు. విత్తనం లేదు కాబట్టి ప్రపంచంలోని ఇళ్ళలో మనం చూసే మనీప్లాంట్లన్నీ ఒక ముక్కనుంచి మరొక ముక్కగా, ఒక చేతినుంచి మరొక చేతికి వచ్చినవే. నాకు ఈ సంగతి తెలిసిన రోజున సీసావైపు మొదటిసారి కాస్త గౌరవంగా చూశాను.

ఇక దాని పేరు సంగతి. ఈ తీగను పెంచితే ఇంట్లో ధనం పెరుగుతుందని విశ్వాసం. కొనుక్కొని తెచ్చినది ఫలించదట, ఎవరింటినుంచైనా దొంగతనంగా తుంచుకొని వస్తేనే కలిసివస్తుందట. లక్ష్మీదేవి రాకకు చౌర్యం ద్వారపాలకుడు కావడం ఎక్కడి న్యాయమో నాకు బోధపడదు. కొందరు దీనిని ఆగ్నేయ మూలలోనే ఉంచాలంటారు. మరికొందరు తీగ కిందికి వేలాడితే సంపద కూడా కిందికే జారుతుందని, పైకి పాకించాలని అంటారు. మాకు తెలిసిన ఒక కుటుంబంవారు ఇల్లు కట్టుకొని, ఆగ్నేయాన కిటికీ లేని ఒక మూల చూసి అందులో ఇత్తడి కుండీతో సహా ఈ తీగను ప్రతిష్ఠించారు. వెలుతురు లేక మొదట దాని ఆకులమీది పసుపు చారలు పోయాయి. తరువాత కొత్త ఆకులు చిన్నవైపోయాయి. ఏడాది తిరిగేసరికి సన్నని తాడు వంటి కాడ మిగిలింది. మొక్కకు దిక్కులు తెలియవు, వెలుతురు తెలుసు. పైకి పాకించమన్న మాటలో మాత్రం ఒక వాస్తవం ఇమిడి ఉన్నది. పట్టుకోవడానికి గరుకైన కర్రో, కొబ్బరిపీచు చుట్టిన గొట్టమో దొరికితే ఈ తీగ ఆకు పెద్దదవుతుంది. పెద్దది అయ్యేది ఆకు, ఆస్తి కాదు.

డబ్బును నమ్మని చదువుకున్నవారు మరొక నమ్మకాన్ని పెట్టుకున్నారు. ఈ తీగ ఇంటి గాలిని శుభ్రపరుస్తుందని, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాయే ఆ మాట చెప్పిందని వారి వాదం. నాసా పరిశోధన జరిగిన మాట నిజం. వోల్వర్టన్ అనే శాస్త్రజ్ఞుడు 1989లో ప్రకటించిన నివేదికలో, మూసివేసిన చిన్న గదులలో కొన్ని మొక్కలను ఉంచి గాలిలోని విషవాయువులు తగ్గడాన్ని గమనించాడు. పరీక్షించిన మొక్కలలో ఈ తీగ కూడా ఉన్నది. అయితే గాలి చొరబడని పెట్టె వేరు, తలుపులు, కిటికీలు ఉన్న ఇల్లు వేరు. 2019లో కమింగ్స్, వేరింగ్ అనే ఇద్దరు పరిశోధకులు అటువంటి పరిశోధనలను చాలావాటిని సమీక్షించారు. సాధారణ భవనంలో వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే నేలమీద ఒక్కొక్క చదరపు మీటరుకు 10 నుంచి 1000 వరకు మొక్కలు ఉండాలని వారు తేల్చారు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల గదిని తీసుకోండి. తక్కువలో తక్కువ లెక్క వేసినా తొంభైకి పైగా కుండీలు కావాలి. అప్పుడు ఆ గదిలో మనిషి ఉండటానికి చోటు ఉండదు. కిటికీ తెరవడం అంతకంటె సులభమైన మార్గం. నా సహాధ్యాపకుడు ఒకరు ఈ లెక్క విని, “మాస్టారూ, అయితే ఆ తీగ దేనికి పనికివస్తుందంటారు?” అని అడిగాడు. ఆ రోజున నావద్ద సమాధానం లేదు.

సమాధానం మా అమ్మనుంచి లభించింది. మా సొంత ఊరు రెంటచింతలకు దగ్గరలోని ఒక పల్లె. ఎండలకు పేరు మోసిన ప్రాంతం అది. 45 డిగ్రీలు దాటిన రోజులు మాకు వార్తలు కావు. నాపరాళ్ళు పరిచిన ఆ ఇంటి వెనుక పెరడు ఉండేది. అందులో బీర, సొర, చిక్కుడు పాదులు, బావి పక్కన మల్లె పొద. పల్నాటి సీమను గురించి శ్రీనాథుని పేరిట ప్రచారంలో ఉన్న చాటువులు రాళ్ళను, జొన్నకూడును, నీటి కరవును మాత్రమే చూపిస్తాయి. ఆ మహాకవి మా పెరటిలోకి వచ్చి ఉంటే మరొక పద్యం చెప్పేవాడని నేను విద్యార్థులతో పరిహాసానికి అంటూ ఉంటాను. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైన తరువాత మా ప్రాంతంలో చాలా పొలాల రూపు మారింది. కాని కాలువ అందని మా ఊరి పెరళ్ళకు బావి నీళ్ళే దిక్కు. కుండ కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు కూడా ఏదో ఒక పాదుకే చేరేవి.

నాన్నగారు పోయిన తరువాత అమ్మను ఆ ఇంట్లో ఒంటరిగా ఉంచలేక నరసరావుపేటకు తీసుకువచ్చాం. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడి ఈ ఊరు జిల్లా కేంద్రమైన సంవత్సరమది. ఊరు పెరుగుతున్నది, ఇళ్ళు పైకి లేస్తున్నాయి. పైకి లేచే ఇళ్ళకు పెరడు ఉండదు. అమ్మకు మందులు ఉన్నాయి, టీవీ ఉన్నది, వేళకు భోజనం ఉన్నది. లేనిదల్లా తెల్లవారగానే వెళ్ళి చూడవలసినది ఏదీ లేకపోవడం. మొదటి నెలలో ఆమె రోజుకు పది మాటలకంటె ఎక్కువ మాట్లాడలేదు. అది మేము వయస్సు అనుకున్నాం. ఒకనాటి ఉదయం లేచి చూస్తే వంటగదిలో ఆ గాజుసీసాను ముందు పెట్టుకొని కూర్చున్నది. “ఒరే అబ్బాయ్, దీన్నెవడ్రా ఇట్టా ముంచి పెట్టింది? కాళ్ళు కుళ్ళిపోతున్నాయి చూడు” అన్నది. ఇంట్లో తనంతట తాను అన్న మొదటి పెద్ద మాట అదే.

ఆ రోజునుంచి మా ఇంట్లో ఆ మొక్కకు పాలన మారింది. అమ్మ అక్షరం ఎరుగనిది. ఎన్నడూ చూడని మొక్క అది. అయినా ఆమె చేసిన ప్రతి పనికి వృక్షశాస్త్రంలో కారణం ఉన్నదని తరువాత చదివి తెలుసుకున్నాను. ముందు తీగను బయటికి తీసి, మెత్తబడి నల్లబడిన వేళ్ళను కత్తిరించింది. మిగిలిన తీగను కణుపుకు కాస్త దిగువగా ముక్కలు కోసింది. చెరకుకు ఉన్నట్లే దీనికి కూడా కణుపులు ఉంటాయి. కణుపు దగ్గరే గోధుమరంగులో చిన్న బుడిపె ఉంటుంది. వేరు అక్కడినుంచే వస్తుంది. కణుపు లేని ఆకును ఎన్ని నెలలు నీటిలో ఉంచినా పచ్చగా ఉంటుందేమోగాని తీగగా మారదు. మా ఇంట్లో అంతకుముందు వాడిపోయిన ముక్కలన్నీ నేను అందంగా ఉన్నాయని తుంచిన ఉత్త ఆకులు.

తరువాత మట్టి. మా పొలం నల్లరేగడి తెప్పిస్తానని నేను ఉత్సాహపడితే అమ్మ వారించింది. రేగడి పత్తికి, మిరపకు మేలుగాని కుండీకి పనికిరాదు. తడిస్తే జిగురై నీటిని పట్టి ఉంచుతుంది, ఎండితే నెర్రెలు విచ్చి వేళ్ళను తెంపుతుంది. ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి, అడుగున రంధ్రం ఉన్న మట్టికుండీలో రంధ్రంపై పెంకు ముక్క వేసి నింపింది. కడియం నర్సరీలనుంచి మొక్కలు తెచ్చి బండిమీద అమ్మేవారు ఈనాడు కొబ్బరిపొట్టు కూడా కలపమంటారు. అదీ మంచిదే. మట్టి గుల్లగా ఉండి, వేరుకు గాలి ఆడటమే ముఖ్యం.

నీరు పోయడంలో నాకూ అమ్మకూ కొంతకాలం వివాదం నడిచింది. ఎండ ఎక్కువగా ఉన్నది కాబట్టి రోజూ పోయాలని నా వాదం. ఆమె చూపుడువేలు మట్టిలోకి మొదటి కణుపు దాకా గుచ్చి చూసేది. తడి తగిలితే పోసేది కాదు. ఇళ్ళలో ఈ తీగ చనిపోవడానికి ప్రధాన కారణం దాహం కాదు, అతిగా నీరు పోయడం. నీరు నిలిచిన మట్టిలో వేరుకు ఊపిరి అందక కుళ్ళు పడుతుంది. విచిత్రమేమంటే నీరు తక్కువైనా ఆకు వాడుతుంది, ఎక్కువైనా వాడుతుంది. వాడిన ఆకును చూసి మనం మరింత నీరు పోస్తాం. ప్రేమతో చేసే హత్య అంటే అదే కావచ్చు. వేసవిలో మూడు నాలుగు రోజులకు ఒకసారి, వానాకాలంలో వారానికి ఒకసారి పోస్తే మా తీగకు సరిపోయింది. మీ ఇంట్లో లెక్క వేరుగా ఉంటుంది. వేలు పెట్టి చూడవలసిందే.

దీనికి వెలుతురు కావాలిగాని ఎండ అక్కరలేదు. పెద్ద చెట్ల నీడలో పుట్టిన తీగ కాబట్టి, కిటికీకి రెండు మూడడుగుల లోపలి నుంచి వచ్చే వెలుతురు చాలు. మే నెలలో పడమటి కిటికీ ఊచలకు దానిని కట్టడం మాత్రం క్రూరత్వం. నేను ఒక మధ్యాహ్నం ఆ పని చేశాను. సాయంత్రానికి ఆకులమీద గోధుమరంగు మచ్చలు కాలిన అట్లవలె తేలాయి. వడగాలి, ఎదురుగా వీచే ఎయిర్ కూలర్ గాలి కూడా దానికి హాని చేస్తాయి. మన ప్రాంతానికి మరొక ప్రత్యేకత దుమ్ము. పిడుగురాళ్ళ సున్నం, దాచేపల్లి వైపు సిమెంటు, దారి పొడవునా రాతి లారీలు ఉన్న పల్నాడులో ఆకుమీద వారంలోనే పూత పడుతుంది. తడిగుడ్డతో తుడవకపోతే ఆకుకు వెలుతురు చాలదు. అమ్మ ప్రతి ఆదివారం ఒక్కొక్క ఆకునూ కింద అరచేయి పెట్టి తుడిచేది, పసిపిల్లవాడి ముఖం తుడిచినట్లు. ఆ సమయంలో ఆమె మా ఊరి సంగతులు చెప్పేది. ఏ ఏటి కరవులో ఏ బావి ఎండిపోయిందో, ఎవరి పందిరికి ఎన్ని సొరకాయలు కాసేవో నాకు అంతకుముందు తెలియదు. నా ఏభై నాలుగవ ఏట తెలిసింది.

ఇంతవరకు చెప్పినది ఈ తీగ గుణం. దాని వలన వచ్చే చిక్కులను దాచడం న్యాయం కాదు. మొదటిది దోమ. కుండీలోకి కొన్ని ముక్కలు మారినా అలవాటు చొప్పున హాలులో ఒక సీసాను నీటితో అలాగే ఉంచాను. ఒక వానాకాలం శుక్రవారంనాడు ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త వచ్చి, టార్చిలైటు ఆ సీసామీద వేసి, “సార్, ఇవి చూశారా? దోమ పిల్లలు” అన్నది. నీటిలో సన్నని ప్రాణులు మెలికలు తిరుగుతున్నాయి. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురుగులో కాదు, ఇటువంటి తేటనీటిలోనే గుడ్లు పెడుతుందనీ, గుడ్డు వారం పది రోజులలో దోమ అవుతుందనీ, అందుకే వారానికొకసారి నీటిని పారబోయాలనీ ఆమె వివరించింది. నా పేరు ముందు డాక్టరు అన్న మాట ఉన్న పలకను దాటుకొనే ఆమె లోపలికి వచ్చింది. ఆ పలకకు ఈ సంగతి తెలియదు. ఆమె అక్కడితో ఆగలేదు. ఉత్తినే నీళ్ళు మార్చితే చాలదనీ, గుడ్లు సీసా గోడకు అంటుకొని పొడిగా కూడా నెలల తరబడి బతికి ఉంటాయనీ, లోపల రుద్ది కడగాలనీ చెప్పి, నాచేతనే కడిగించింది. కుండీ కింది పళ్ళెం, ఎయిర్ కూలర్ తొట్టి కూడా చూపించింది. ఇంటి అందానికి పెట్టిన సీసా పక్కింటి పిల్లవాడికి జ్వరమై పోవచ్చునన్న ఊహ నాకు అంతకుముందు ఎన్నడూ రాలేదు. నీటిలో పెంచదలచినవారు ప్రతి శుక్రవారం సీసా కడగగలిగితేనే పెంచాలి. అది చేయలేనివారికి మట్టికుండీ ఉన్నది. ఈ విషయంలో నాకు మధ్యేమార్గం లేదు.

రెండవది దురద. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అన్న సామెత మనందరికీ తెలిసినదే. ఆ దురదకు కారణం కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం సూదులవలె కణాలలో ఉండటం. కందను ఉడికించి, చింతపండు పులుసు చేర్చి మనం దానిని లొంగదీసుకుంటాం. అదే కుటుంబానికి చెందిన మనీప్లాంట్ ఆకులోనూ ఆ సూదులు ఉన్నాయి. పాకే పిల్లవాడు నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. కుక్కలకు, పిల్లులకు కూడా అంతే. కాబట్టి పిల్లలున్న ఇంట్లో ఈ తీగ చేతికందని ఎత్తున ఉండాలి. కత్తిరించినప్పుడు కారే రసం కంటికి తగలనీయరాదు. ఇంకొక మాట. అడ్డంగా పెరిగినదాన్ని కోసి కాలువ గట్టునో, చెట్టు మొదలునో పారవేయరాదు. శ్రీలంకలోనూ, అమెరికాలోని ఫ్లోరిడాలోనూ ఇలా బయటపడిన తీగ స్థానిక వృక్షాలను కప్పివేసింది. మన ఎండలు దానిని కొంత అదుపులో ఉంచుతాయిగాని, నల్లమల అంచున ఉన్న మాచర్లవారు, తీరప్రాంతాలవారు జాగ్రత్త పడటం మంచిది.

ఇక పండితులైన మిత్రులు కొందరు వేసే ప్రశ్న ఒకటి ఉన్నది. మల్లె, మాలతి, శంఖపుష్పం ఉండగా పరాయి దీవి మొక్క మనకెందుకు? ఒకప్పుడు ఈ ప్రశ్న నాదే. పెరడు ఉన్నవారు తప్పక బీరపాదు పెట్టాలి, మల్లె నాటాలి. అందులో సందేహం లేదు. అయితే మల్లెకు ఎండ కావాలి, బీరకు నేల కావాలి. ఈ రెండూ లేని గదిలో వాటిని పెంచమనడం వాటికే అపకారం. పరాయితనం మాటకు వస్తే, మిరపను తలచుకోవాలి. నన్నయ, తిక్కనలు మిరియాన్ని ఎరుగుదురుగాని మిరపను ఎరుగరు. శ్రీనాథుడు పల్నాటిలో తిన్న జొన్నకూడులో కూడా మిరపకారం లేదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు ఓడలమీద 16వ శతాబ్దంలో ఈ దేశానికి వచ్చిన ఆ మొక్క ఈనాడు గుంటూరు, పల్నాడుల పేరుగా చెల్లుబాటవుతున్నది. మొక్కకు స్వస్థలం ఒకటి ఉంటుంది. అయితే చేయి వేసి పెంచినవారి ఊరు కూడా కొన్నాళ్ళకు దాని ఊరే అవుతుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మరొక సంగతి. ఇంటర్మీడియెట్ చదివే పిల్లలు ఎందరో నేడు వసతిగృహాలలో ఉంటున్నారు. తెల్లవారకముందే లేచి, రాత్రి పొద్దుపోయేదాకా పుస్తకాల మధ్య గడిపే ఆ పిల్లలు రోజంతటిలో పచ్చని వస్తువును చూసేది చాలాచోట్ల పాఠ్యపుస్తకం అట్టమీదనే. ఒక వసతిగృహంలో నా పూర్వ విద్యార్థిని కిటికీ గట్టుమీద చిన్న కుండీ పెట్టుకుంటే, క్రమశిక్షణకు భంగమని తీయించారు. మార్కులకు ఆ కుండీ వల్ల మేలు జరుగుతుందని నేను వాదించను. అలా వాదిస్తే డబ్బు వస్తుందన్నవారికి, గాలి శుభ్రపడుతుందన్నవారికి, నాకు తేడా ఉండదు. ఆ పిల్ల అడిగినది అరచేయంత చోటు. రోజుకు ఒక నిమిషం తన చదువు కానిదాన్ని, తనమీద ఆధారపడినదాన్ని చూసుకోవడానికి అవకాశం. అది ఇవ్వలేని నిబంధనను మార్చుకోవాలని మాత్రం గట్టిగా చెప్పగలను. పెట్టుకొనేది కుండీయే కావాలి, సీసా కాదు. దోమల విషయంలో వార్డెన్లకు ఆక్షేపణ ఉంటే అది న్యాయమైనదే.

నా సహాధ్యాపకుడు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు నేను సమాధానం చెప్పగలను. ఆ తీగ మా ఇంట్లో ఒక మనిషికి ఉదయాన్నే లేచి వెళ్ళి చూడవలసిన పనిని ఇచ్చింది. అంతకుమించి దానినుంచి నేనేమీ ఆశించడం లేదు. అమ్మ దానిని మనీప్లాంట్ అనదు, ‘కిటికీ తీగ’ అంటుంది. అది ఇప్పుడు కొబ్బరిపీచు చుట్టిన కర్రమీదుగా కిటికీ పైకమ్మీ దాకా పాకింది. ఒక్కొక్క ఆకు తమలపాకుకు రెండింతలు ఉన్నది.

మొన్న వేసవి సెలవులలో కింది అంతస్తు కుర్రవాడు, పదవ తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నవాడు, గుమ్మంలో నిలబడి తటపటాయిస్తున్నాడు. ఏం కావాలని అమ్మ అడిగింది.

“ఆ తీగ ముక్క ఒకటి కావాలి మామ్మా. కాని అడిగి తీసుకుంటే కలిసిరాదంట. దొంగతనంగా తెమ్మని మా అమ్మ చెప్పింది.”

అమ్మ నవ్వుతూ మంచంమీద గోడవైపుకు ఒత్తిగిలింది.

“అట్టాగైతే నేనిటు తిరిగి పడుకుంటాలే, కోసుకుపో. కణుపు చూసి కొయ్యి నాయనా, ఉత్త ఆకు తుంచబాక.”